ఇన్‌పేంగ్ కాచిన నిప్పు

మా ఊళ్లో ఎవరి భార్యకు నెల తప్పినా, ఆ మొగుడు మంత్రసాని గడప తొక్కకముందే ఇన్‌పేంగ్ ఇంటి మెట్లు ఎక్కుతాడు. ఇన్‌పేంగ్ వాడి రెండు అరచేతులూ తిప్పి చూస్తాడు. కాయలు కాయని చేతులైతే నవ్వుతాడు.

"ఇంట్లో గొడ్డలి ఉందట్రా? ఉంటే పద. ఇవాళ కొట్టిన కట్టె కాన్పు నాటికి ఎండుతుంది. అవునూ, మీ ఆవిడ ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది?"

ఆ చివరి మాటకి కొందరు సిగ్గుపడి తల దించుకుంటారు. కొందరు తెలియక దించుకుంటారు. తెలియని వాళ్లను అతడు అడవికి తీసుకెళ్లడు. "వెళ్లి కనుక్కునిరా, అప్పుడు చూద్దాం" అని మెట్ల మీదనుంచే పంపేస్తాడు.

యాభై దాటిన మనిషి. పొట్టిగా ఉంటాడు, నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి, నడిచేటప్పుడు కొంచెం కుడివైపు ఒరుగుతాడు. ఇంటి కింద స్తంభాల మధ్య చీల్చిన చింతకట్టెలు గోడ కట్టినట్టు పేర్చి ఉంటాయి. సే బాంగ్ ఫాయ్ ఏటికి రెండు పక్కల ఊళ్లలోనూ అతన్ని 'కట్టెల పేంగ్' అంటారు. ఈ మనిషికి ఒకప్పుడు పచ్చికట్టెకీ ఎండుకట్టెకీ తేడా తెలియదంటే కొత్తవాళ్లు నమ్మరు. నమ్మేదాకా అతని భార్య బువావన్ ఊరుకోదు.

"కట్టెలు కాదమ్మా, కుర్చీ కాళ్లు తెచ్చాడు మహానుభావుడు" అంటుంది, ఎంతమంది ముందైనా సరే.

అప్పట్లో ఇన్‌పేంగ్ లారీ తోలేవాడు. వియత్నాం సరిహద్దు నుంచి తాఖెక్ పట్నం దాకా కొండదారిలో సరుకు లాగడం అతని పని. పెళ్లయ్యాక మా అందరి లాగే అత్తారింటికి వచ్చాడు గానీ, వచ్చాడన్న మాటే తప్ప ఉన్నది తక్కువ. రెండు వారాలకోసారి దుమ్ము కొట్టుకుపోయి దిగేవాడు. ఏట్లో మునిగి, అన్నం తిని, దోమతెరలో దూరి పడుకునేవాడు. వెదురు తడిక అవతల అత్త ఒన్‌సా దగ్గు వినిపించేది. తెల్లవారి మళ్లీ లారీ. వట్టి చేతులతో వచ్చేవాడు కాదు పాపం, వచ్చినప్పుడల్లా భార్యకి వాసన సబ్బు ఒకటి తెచ్చేవాడు. తాను మంచి మొగుణ్ణనే అనుకునేవాడు. తాగడు, కొట్టడు, తెచ్చిన డబ్బు అత్త చేతిలో పెడతాడు. ఇంకేం కావాలి?

బువావన్ ఇరుగుపొరుగు దగ్గర అతని పేరెత్తేది కాదు. "లారీ ఆయన వచ్చాడు", "లారీ ఆయన పోయాడు" అనేది. అది గౌరవమే అనుకున్నాడు.

మూడో ఏట ఆమెకి నెల తప్పింది. కాన్పయిన ఆడదాన్ని నిప్పు పక్కన వెదురు మంచం మీద పడుకోబెట్టడం, ఆ నిప్పు ఆరకుండా మొగుడే కాయడం మా వాళ్ల పద్ధతి. కట్టె కూడా మొగుడే కొట్టాలి. భార్య కడుపు పెరుగుతున్న కొద్దీ ఇంటి కింద కట్టెల మోపు పెరగాలి. దారిన పోయే ఆడవాళ్లు ఆ మోపు వంక ఓ చూపు చూసి, ఆ కాపురం ఎలా ఉందో లెక్క కట్టేస్తారు.

ఎనిమిదో నెల వచ్చినా బువావన్ ఇంటి కింద కోళ్లు తప్ప ఏమీ లేవు.

అత్త గొణిగింది. ఇన్‌పేంగ్‌కి ఆ గొణుగుడు అందింది. గొడ్డలి పట్టే తీరిక ఎక్కడిది? తాఖెక్ దగ్గర కుర్చీలు చేసే కార్ఖానాకి దుంగలు దింపుతున్నాడు కదా, అక్కడ పనికిరాని ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. మేస్త్రీని అడిగి లారీ సగానికి నింపుకొచ్చి ఇంటి కింద కుమ్మరించాడు. అన్నీ ఒకే పొడవు. చివర్లు గుండ్రంగా చెక్కినవి. కొన్నింటికి నున్నగా మెరుపు కూడా పూసి ఉంది. తన తెలివికి తనే మురిసిపోయాడు.

మర్నాడు ఎదురింటి పుయ్ పిన్ని బుట్ట చంకన పెట్టుకుని వచ్చి చూసింది.

"ఏం ఒన్‌సా, మీ అమ్మాయి బిడ్డని కంటోందా, కుర్చీల కొట్టు పెడుతోందా?"

ఊరంతా నవ్వింది. ఇన్‌పేంగ్ కూడా నవ్వాడు. బువావన్ ఒక్కతే నవ్వలేదు. మెట్ల మీద నుంచి ఆ గుట్టని చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఏప్రిల్‌లో వచ్చే మా కొత్త సంవత్సరానికి కొంచెం ముందు, ఎండలు మండుతుండగా ఆడపిల్ల పుట్టింది. ఇన్‌పేంగ్ ఆ వేళకి ఊళ్లోనే ఉన్నాడు. బిడ్డని చేతిలో పెట్టారు. ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తీస్తోంది. కాసేపాగి మళ్లీ పెట్టాడు. మంత్రసాని కేవ్ అవ్వ ఆ చెయ్యి తోసేసి, "ఊపిరి సంగతి అది చూసుకుంటుంది గానీ, నువ్వు నిప్పు సంగతి చూడు" అంది.

ఇంట్లో ఓ మూల చెక్కల చట్రంలో మట్టి పరిచి పొయ్యి సిద్ధం చేశారు. పక్కన వెదురు మంచం. ఇన్‌పేంగ్ కుర్చీ కాళ్లు పేర్చి అంటించాడు. భగ్గున మండాయి. మండటం చూసి, "చూశారా!" అన్నాడు కూడా. అంతలోనే మెరుపు పూసిన ముక్కలు బుడగలు కక్కాయి. నల్లటి పొగ, నూనె మాడిన కంపు. చిటపటమని నిప్పురవ్వ ఒకటి ఎగిరి దుప్పటి మీద పడింది. బువావన్ మొహం చేత్తో కప్పుకుంది. బిడ్డ దగ్గింది. బిడ్డ అంటే ఎంతని, గుప్పెడంత. ఆ దగ్గు కూడా గుప్పెడంతే. కానీ ఇన్‌పేంగ్ ఇక ఆగలేదు. బిడ్డని లాక్కుని బయటి అరుగు మీదకి పరుగెత్తాడు.

ఒన్‌సా మండుతున్న ముక్కలన్నీ పట్టుకారుతో తీసి నీళ్లకుండలో పడేసింది. ఒక్కోటీ చుయ్ మన్నప్పుడల్లా అల్లుడి వంక చూసింది.

"ఇక చాలు అల్లుడూ. మా పెద్దోడికి కబురు పెడతాను. వాడి కట్టె తెచ్చి వాడే నిప్పు కాస్తాడు. నువ్వు నీ లారీ ఎక్కెయ్."

భార్య నిప్పుని బావమరిది కాస్తే ఇక ఆ ఊళ్లో ఆ మొగుడికి మొహం ఉండదు. కానీ ఇన్‌పేంగ్‌ని నొప్పించింది అది కాదు. అతను బువావన్ వైపు చూశాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

"నువ్వేమంటావు?"

"అమ్మ ఎలాగంటే అలాగే."

కోపంగా అన్నా బాగుండేది. అన్నం ఇంకొంచెం పెట్టనా అని అడిగే గొంతుతోనే అంది. ఆ గొంతు మూడేళ్లుగా వింటున్నాడు. అది మర్యాద గొంతు అని, దారిన పోయేవాడికి మంచినీళ్లిచ్చేటప్పుడు కూడా అదే గొంతు వస్తుందని అప్పుడు తట్టింది.

"సాయంత్రం దాకా ఆగు అత్తా" అన్నాడు. "సాయంత్రానికి కట్టె తేలేకపోతే నేనే వెళ్లి బావని పిలుచుకొస్తాను."

గొడ్డలి భుజాన వేసుకుని ఏటి గట్టుకి వెళ్లి ఒక చింతకొమ్మ నరికాడు. తొక్క కింద తడి. కొస కొరికి చూస్తే నోరంతా పచ్చివాసన. ఇది ఇంట్లో పెడితే కుర్చీ కాళ్లే నయం. అడవిలో ఎండు కట్టె ఏరుదామంటే, పొలాలకి నిప్పు పెట్టే రోజులవి, ఎక్కడ చూసినా బూడిద. ఎండిన చింతకట్టె ఊళ్లో ఉన్నది ఇళ్ల కిందే. ఒకరు కొట్టి పేర్చుకున్నదే.

తోపుడుబండి తీసుకుని పుయ్ పిన్ని ఇంటి ముందు ఆగాడు. తల ఎత్తకుండా, "పిన్నీ, కొంచెం కట్టె" అన్నాడు.

"ఎంతుంటే కొంచెం?" పుయ్ పిన్ని మగ్గం మీంచి దిగనేలేదు. "మీ ఇంటి కింద అంత సామాను పెట్టుకుని నా దగ్గరికొచ్చావేంటి నాయనా?"

"అది మండదు."

"మండకేం, మండింది. కంపు మా ఇంటిదాకా వచ్చింది." నవ్వు ఆపుకుని దారం తెంపింది. "తీసుకో. పైవి కాదు, అడుగువి తీసుకో. మా చిన్నది పుట్టినప్పుడు మా ఆయన కొట్టినవి, మిగిలిపోయాయి. ఆయన పోయాక పొయ్యిలో పెట్టబుద్ధి కాలేదు." దారం ముడేస్తూ, "మీ ఆవిడకి వేడినీళ్లు ఏ ఆకు వేసి కాస్తున్నావు?" అంది.

"అత్త కాస్తోంది."

"నేనడిగింది నీ సంగతి" అని మళ్లీ మగ్గం ఆడించుకుంది.

ఇలా ఇంటింటికీ తిరిగాడు. కట్టె లేదన్న ఇల్లు లేదు, మాట అనకుండా ఇచ్చిన ఇల్లూ లేదు. ఒకాయన లారీ హారన్ మోగించినట్టు నోటితో మోగించాడు. ఒకావిడ, "ఇదిగో, వంకరగా ఉంది, కుర్చీకి పనికిరాదులే" అని చేతికిచ్చింది. చివరిది సింగ్‌ఖమ్ తాత ఇల్లు. తాత పళ్లులేని నోటితో తమలపాకు నములుతూ బండిలో కట్టెలన్నీ తిప్పి చూశాడు.

"మంచివే. నిప్పు ఎటు పక్క పెడతావు?"

"మంచం పక్కన."

"మంచానికి రెండు పక్కలుంటాయి కదరా. నడుం ఎటు నొప్పిగా ఉంటే అటు పెట్టాలి. మీ ఆవిడ ఏ పక్కకి తిరిగి పడుకుంటుంది?"

ఇన్‌పేంగ్ ఆలోచించాడు. దోమతెర గుర్తొచ్చింది. అత్త దగ్గు గుర్తొచ్చింది. బువావన్ ఎటు తిరిగి ఉండేదో గుర్తు రాలేదు.

"తెలీదు తాతా."

"పెళ్లై ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు."

తాత తీరిగ్గా ఉమ్మేసి వచ్చాడు. "నీ లారీకి ఏ చక్రంలో గాలి తగ్గుతుంటుంది?"

"వెనక ఎడమ వైపు, లోపలిది" అన్నాడు ఇన్‌పేంగ్ టక్కున.

తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, బండి వెనకనుంచి ఓ తోపు తోశాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త ఏటికి వెళ్లింది. ఇన్‌పేంగ్ కట్టెలు పైకి మోసుకొచ్చి, అంటించకుండా వాటి పక్కనే కూర్చున్నాడు. బువావన్ కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోవడం లేదు.

"నీకు నడుం ఎటు పక్క నొప్పి?"

ఆమె కళ్లు తెరిచింది. "ఎందుకు?"

"నిప్పు అటు పెట్టాలిట."

"ఎవరు చెప్పారు?"

"సింగ్‌ఖమ్ తాత. నువ్వు ఎటు తిరిగి పడుకుంటావని అడిగాడు. నాకు తెలీలేదు."

"చెప్పేశావా, తెలీదని?"

"చెప్పేశాను."

"అయితే రేపటికి ఊరంతా తెలుస్తుంది" అంది. పెదవి చివర కదిలింది. నవ్వో ఏడుపో అతనికి అర్థం కాలేదు. "ఎడమ పక్క. చిన్నప్పుడు గేదె పొడిచింది. చలికాలం వస్తే ఇప్పటికీ లాగుతుంది."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పాలి?" బువావన్ మోచేతి మీద లేవబోయింది, అతను పట్టుకున్నాడు. "నువ్వు తినేటప్పుడు అమ్మ ఉంటుంది. పడుకోగానే గురక పెడతావు. మధ్యలో మిగిలింది లారీ. వచ్చినప్పుడల్లా సబ్బు ఒకటి చేతిలో పెడతావు. పెట్టె నిండిపోయింది పేంగ్, ఎక్కడ దాచను? నాకు ఆ మల్లెపూల వాసన పడదు, తలనొప్పి."

"మూడేళ్లుగానా?"

"మొదటి రోజు నుంచీ."

ఇన్‌పేంగ్ తెల్లబోయాడు. ఆ సబ్బు దొరికే కొట్టు కోసం ఎన్నోసార్లు లారీని దారి మళ్లించాడు. ఆ మాట కూడా చెప్పాడు. అప్పుడు నవ్వింది బువావన్. పొట్ట పట్టుకుని, అమ్మా నొప్పీ అంటూ, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. మెట్లెక్కుతున్న ఒన్‌సా కుండ కింద పెట్టి, ఏమైందో అని పరుగెత్తుకొచ్చింది.

మంచం జరిపి, నిప్పు ఎడమ పక్కకి వచ్చేలా పెట్టాడు. ఈసారి భగ్గుమనిపించలేదు. మంట తగ్గించి బూడిద కప్పి, కణకణలాడే నిప్పు మాత్రం మిగిల్చాడు. అయినా పొగ భయం వదల్లేదు. గోడ తడికలో ఒక పట్టె కోసేశాడు. బిడ్డ ఉయ్యాలని గాలి వచ్చే వైపుకి మార్చాడు. ఓ పత్తిపింజని దారానికి కట్టి ఉయ్యాల దగ్గర వేలాడదీసి, అది ఎటు ఊగుతోందో చూస్తూ కూర్చునేవాడు. పొగ ఇటు తిరిగితే బిడ్డని అటు మార్చేవాడు. "గోడ కోసేశావు, ఇక కప్పు ఎప్పుడు పీకుతావు?" అని ఒన్‌సా అడిగింది. కానీ పట్టె మళ్లీ బిగించలేదు.

బావమరిదికి కబురు వెళ్లలేదు.

నిప్పు ఉన్నన్నాళ్లూ ఆలుమగలకి వేర్వేరు చాపలే. నిప్పుకి ఆ పక్క ఆమె, ఈ పక్క అతను. పెళ్లయ్యాక ఒకే దోమతెరలో పడుకుని ఎరగని చనువు ఆ నిప్పుకి అటూ ఇటూ కూర్చుని ఎరిగారు. చేతిలో పని ఉంది, మాట్లాడటానికి కావలసినంత పొద్దు ఉంది. అతను వేడినీళ్లలో ఆకులు వేసి కాచి ఇచ్చేవాడు. జిగురన్నం ముద్ద చేసి, వేయించిన ఉప్పు అద్ది, కాల్చిన మాంసం ముక్క పీలికలు చేసి పెట్టేవాడు. గుడ్డ వేడిచేసి ఆమె పాదాలకి కాపడం పెట్టేవాడు. ఆమె పాదం అంత చిన్నదని అప్పుడే చూశాడు.

మాటల్లో మాటగా కొండమలుపులో ఒకసారి బ్రేకులు పట్టని సంగతి చెప్పాడు. లారీని గట్టుకి రాసుకుంటూ ఆపి, దిగి, పొద్దు వాలేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాడట. అది ఎవరికీ చెప్పలేదు.

"ఎప్పుడిది?" అంది బువావన్.

"పోయిన వానల్లో. ఆ మర్నాడే ఇంటికొచ్చాను."

"ఆ రోజు నువ్వు అన్నం తినలేదు. నా వంట నచ్చలేదనుకున్నాను."

ఆమె నిప్పు అంచు పక్కగా పాదం చాపి, కాలి బొటనవేలితో అతని మోకాలిని ఓసారి తట్టింది.

"ఏం మాట్లాడుకుంటారో తల్లీ!" అని ఒన్‌సా పొరుగువాళ్ల దగ్గర వాపోయేది. "నిప్పు ఊదడానికి నోరుండాలి గానీ, ఇంత నోరా?"

ఇలా ఉండగా లారీ యజమాని తమ్ముడు మోటారుసైకిలు మీద వచ్చాడు. కొత్త సంవత్సరం లోపల సరుకు చేరాలి. రేపు పొద్దున ఇన్‌పేంగ్ రాకపోతే తాళం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒన్‌సా వేళ్లు మడిచి లెక్క చూసి, "రేపు మంచి రోజే. నిప్పు చల్లార్చేద్దాం. అమ్మాయి మంచం దిగగానే వెళ్లొచ్చు అల్లుడు" అంది.

ఇన్‌పేంగ్‌కి వెళ్లాలని లేదు. ఉండిపోతానని ఎలా అనడం? ఇల్లు అత్తది. నిప్పు ఉన్నంతవరకే అతనికి ఆ ఇంట్లో పని. నిప్పు ఆరాక బువావన్‌కి తను కావాలో అక్కర్లేదో, అడిగితే మళ్లీ ఆ మర్యాద గొంతు వస్తుందేమో! వెనక చక్రంలో గాలి గురించి ఇంత భయపడలేదెప్పుడూ.

మర్నాడు పొద్దున్నే ఇల్లు నిండింది. సింగ్‌ఖమ్ తాత, పుయ్ పిన్ని, ఇంకొందరు తల్లీబిడ్డల చేతికి దీవెనగా కట్టడానికి తెల్లదారాలు తెచ్చారు. మోటారుసైకిలాయన కింద నీడలో నిలబడి ఉన్నాడు. నిప్పు మీద పోయడానికి నీళ్లకుండ పక్కన పెట్టారు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. బువావన్ నుదుటి మీద, మెడ మీద చెమట ధారలు కడుతోంది. తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది.

కేవ్ అవ్వ ఆనవాయితీ ప్రకారం అడిగింది. "అమ్మాయ్, ఒళ్లు వెచ్చబడిందా? నిప్పు చాలా?"

దీనికి 'చాలు' అనాలి. అందరూ అనేది అదే. అవ్వ అప్పుడే కుండ మీద చెయ్యి వేసింది.

"చాల్లేదు" అంది బువావన్. "ఇంకా చలిగా ఉంది."

అవ్వ ఆమె నుదురు తాకి, తడిసిన చెయ్యి కట్టుగుడ్డకి తుడుచుకుంది.

"నూనెలోంచి తీసిన బూరెలా ఉన్నావు. చలేమిటే?"

"ఎముకల్లో." విసనకర్ర ఆగలేదు.

పుయ్ పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సింగ్‌ఖమ్ తాత గంభీరంగా తల ఊపి, "ఎముకల్లో చలి అంత తేలిగ్గా పోదు" అన్నాడు. ఒన్‌సా కూతుర్ని చూసింది. పొయ్యి పక్కన బొమ్మలా నిలబడ్డ అల్లుణ్ణి చూసింది. కోసేసిన గోడ పట్టెనీ, ఊగుతున్న పత్తిపింజనీ చూసింది. పెద్దగా నిట్టూర్చి, నీళ్లకుండ ఎత్తి దూరంగా పెట్టింది.

"కట్టెలున్నాయా అల్లుడూ?"

"అయిపోయాయి అత్తా."

"మరి నిలబడతావేం? వెళ్లి అడుక్కొచ్చుకో."

ఇన్‌పేంగ్ మెట్లు రెండేసి దూకుతూ దిగాడు. మోటారుసైకిలాయన ఎదురొస్తే, "తాళం ఇంకొకరికే ఇచ్చెయ్యండి. మా ఆవిడకి చలిగా ఉంది" అన్నాడు. ఆ మనిషి మండుతున్న ఎండ వంకా, తోపుడుబండితో పరుగెడుతున్న ఇన్‌పేంగ్ వంకా చూసి, మోటారుసైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఏం చేశాడంటే, ఊళ్లోంచి సంతకి జనాన్ని చేరవేసే చిన్న బండి నడిపాడు. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికొచ్చే పని. లారీ అంత రాబడి లేదు. ఒన్‌సా ఆ మాట బతికున్నన్నాళ్లూ అంది, అల్లుడి కంచంలో మాంసం ముక్క ఎక్కువ వేస్తూ అంది. ఇంకో ఇద్దరు పిల్లలు పుట్టారు. రెండుసార్లూ కాన్పుకి చాలా ముందే ఇంటి కింద చింతకట్టె గోడలా లేచింది. ఇప్పుడు ఆస్పత్రి నర్సమ్మ వచ్చి బాలింత గదిలో పొగ వద్దు, బిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదు అంటుంది. ఇన్‌పేంగ్ ఆమె మాటకి ఎదురు చెప్పడు. తన దగ్గరికొచ్చే కుర్రాళ్లకి నిప్పు చిన్నదిగా, బిడ్డకి దూరంగా, గోడ తెరిచి పెట్టమంటాడు. కుదరకపోతే వేడినీళ్ల సీసాలతో సరిపెట్టమంటాడు. "నిప్పు లేకపోయినా సరే, నువ్వు మాత్రం కదలకు" అంటాడు.

మొన్న ఒక కొత్త మొగుడు వచ్చాడు. కొత్త సంవత్సరం దగ్గరపడి ఎండ మాడ్చేస్తోంది. ఇన్‌పేంగ్ గొడ్డలి చేతికిచ్చి, కట్టె ఎటు చీలుతుందో చూపిస్తున్నాడు. పైనుంచి బువావన్ గొంతు వినిపించింది.

"పేంగ్! చలిగా ఉందయ్యా!"

కుర్రాడు ఎండవైపు చూసి బిత్తరపోయాడు. ఇన్‌పేంగ్ గొడ్డలి అక్కడే దింపేసి, చేతులు దులుపుకుని, ఒక్కో మెట్టే పట్టుకుంటూ పైకి వెళ్లాడు. కాసేపటికి పైనుంచి ఇద్దరి నవ్వు వినిపించింది. కుర్రాడు చాలాసేపు చూసి, తనే గొడ్డలి ఎత్తాడు.